మార్చిలో వెళ్లండి, ప్రాక్టీసు ఆట చూడండి



మా ఎల్‌బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు అమెరికా ప్రయాణాలకంటూ ఒక కాలం ఉంది. ఏప్రిల్ నెలాఖరు రాగానే అటకల మీంచి పెద్ద సూట్‌కేసులు దిగుతాయి. పచ్చళ్ల దుకాణంలో ఆవకాయ తూకం వేయించుకుంటుంటే, "యూఎస్‌కా అమ్మా? నూనె కారకుండ డబుల్ ప్యాకింగ్ చేస్తం" అంటాడు కుర్రాడు, మనం చెప్పకుండానే. లిఫ్టులో కలిసిన పక్కింటాయన కూడా ఆరోగ్యం సంగతి తర్వాత అడుగుతాడు, ముందు "ఎప్పుడు పోతున్నరు పిల్లల దగ్గరికి?" అంటాడు. మే నెల ఎండలు ఇక్కడ తప్పించుకుని, ఓ నాలుగైదు నెలలు అక్కడ గడిపి, దసరాకు తిరిగి రావడం. ఇదీ లెక్క.

పిల్లలు న్యూజెర్సీలోనో సియాటిల్‌లోనో ఉంటే ఈ లెక్క బాగానే ఉంటుంది. అరిజోనాలో ఉంటే మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. అక్కడి ఫీనిక్స్ నగరం సోనోరన్ ఎడారి మధ్యలో ఉంది. 2023లో జూన్ 30 నుంచి జులై 30 దాకా, వరుసగా 31 రోజులు, అక్కడ పగటి ఎండ 43 డిగ్రీలకు తగ్గలేదు. రామగుండం వాళ్లకు కూడా అది ఎక్కువే. అలాంటి ఎండలో అమ్మానాన్నలు చేసేదేముంటుంది? ఏసీ గదిలో కూర్చుని, కిటికీ తెర కాస్త జరిపి, మనిషన్నవాడు కనిపించని వీధి వైపు చూడటం. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవడు స్కూలుకు. కారు నడపడం మనకు రాదు. వారం తిరగకుండానే "ఇంటికెప్పుడు పోదాం" అనే మాట మొదలవుతుంది.

అందుకే నేను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒక సలహా చెబుతుంటాను. ఫీనిక్స్, చాండ్లర్, టెంపీ, గిల్బర్ట్, మీసా, ఈ ఊళ్లలో మీ పిల్లలుంటే మేలో పోకండి. ఫిబ్రవరి ఆఖర్లో బయలుదేరండి. మార్చిలో అక్కడ మధ్యాహ్నం పాతిక డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. గాలిలో చెమ్మ ఉండదు, ఆకాశంలో మబ్బుతునక ఉండదు. పైగా ఆ నెలంతా ఆ ఊళ్లలో ఒక జాతర నడుస్తుంది. పేరు క్యాక్టస్ లీగ్.

అమెరికా పెద్ద బేస్‌బాల్ పోటీల్లో మొత్తం 30 జట్లు. అసలు సీజన్ మార్చి చివర మొదలవుతుంది. దానికి ముందు నెలన్నర పాటు సగం జట్లు ఫ్లోరిడాకు, సగం జట్లు అరిజోనాకు చేరి సాధన చేస్తాయి, ఒకదానితో ఒకటి ప్రాక్టీసు మ్యాచ్‌లు ఆడతాయి. దీన్నే స్ప్రింగ్ ట్రైనింగ్ అంటారు. అరిజోనాకు వచ్చే 15 జట్లకు ఫీనిక్స్ చుట్టూ 10 మైదానాలున్నాయి. పది మైదానాలూ ఒకే మహానగరం పరిధిలో! పటాన్‌చెరు నుంచి హయత్‌నగర్ దాకా ఉన్న దూరంలో పది అంతర్జాతీయ మైదానాలు ఉన్నాయనుకోండి, రోజూ ఐదారుచోట్ల ఆట ఉందనుకోండి. దాదాపు అలాగే ఉంటుంది.

ఎడారికే ఎందుకు పోయారన్న దాని వెనక ఒక కథ ఉంది. 1947లో రెండు జట్లు, న్యూయార్క్ జెయింట్స్ ఫీనిక్స్‌కూ, క్లీవ్‌లాండ్ జట్టు టూసాన్ అనే ఊరికీ తమ సాధన శిబిరాలను మార్చుకున్నాయి. క్లీవ్‌లాండ్ యజమాని బిల్ వీక్‌కు టూసాన్ దగ్గర సొంత పశువుల క్షేత్రం ఉండేది. అదొక సౌకర్యం. నల్లజాతి ఆటగాళ్లను తీసుకుంటే ఫ్లోరిడాలోని జాతి వివక్ష మధ్య వాళ్లను నిలబెట్టలేననే ఆలోచనతోనే మారానని కూడా ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. ఆ ఏడు జులైలోనే లారీ డోబీ అనే నల్లజాతి ఆటగాడిని జట్టులోకి తెచ్చాడు. అయితే మరుసటి ఏడాది టూసాన్‌లో జట్టంతా దిగిన హోటల్లో డోబీకి మాత్రం గది ఇవ్వలేదు. ఎడారి కూడా వీక్ అనుకున్నంత మంచిదేం కాదన్నమాట.

ఇంతకీ బేస్‌బాల్‌తో మనకేం పని అంటారా? ప్రాక్టీసు మ్యాచ్ చూడటం మన హైదరాబాదుకు కొత్త కాదు. మొయినుద్దౌలా గోల్డ్ కప్ గుర్తుందా? 1930లో పైగా వంశపు నవాబు మొయినుద్దౌలా పేరిట మొదలైన ఆ క్రికెట్ టోర్నమెంటు, చాలా ఏళ్లపాటు దేశవాళీ సీజన్‌కు ముందు మాట. రంజీ ట్రోఫీకి ముందు జట్లు కాళ్లూ చేతులూ సాగదీసుకునేది ఇక్కడే. వెస్టిండీస్ మహా ఆటగాడు లియరీ కాన్‌స్టాంటైన్ 1930లలో ఈ కప్పు కోసం ఫ్రీలూటర్స్ అనే జట్టు తరఫున ఆడాడు. 1966-67 సీజన్‌లో వజీర్ సుల్తాన్ టొబాకో కోల్ట్స్ అనే కుర్రాళ్ల జట్టులో పదిహేడేళ్ల బొంబాయి పిల్లవాడొకడు తన మొదటి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడాడు. అతనే సునీల్ గవాస్కర్. చార్మినార్ సిగరెట్ల కంపెనీ జట్టులో గవాస్కర్! ఆ రోజు స్టాండ్లో కూర్చున్నవాళ్లకు తాము ఎవర్ని చూస్తున్నారో ఏం తెలుసు?

నేను ఆ కాలం వాణ్ని కాను గానీ, తర్వాత చాలాసార్లు లాల్‌బహాదూర్ స్టేడియంలో ఆ మ్యాచ్‌లు చూశాను. సిమెంటు మెట్ల మీద అక్కడక్కడా పదిమంది, ఒక చాయ్ ఫ్లాస్కు, పల్లీల పొట్లాలు. బౌండరీ తాడు దగ్గర ఫీల్డింగు చేసే ఆటగాడు మనవైపు తిరిగి "టైం ఎంతయింది భాయ్?" అని అడిగేంత దగ్గర. టెస్టు మ్యాచ్‌కు వచ్చే లాఠీలు లేవు, తోపులాట లేదు. ఫలితం ఎవరికీ పట్టని ఆటలో ఆటగాడు మనిషిలా కనిపిస్తాడు. నాకు ప్రాక్టీసు ఆటల మీద మోజు అక్కడ పుట్టింది. ఇప్పుడైతే ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కి అసెంబ్లీ స్టేషన్లో దిగితే ఆ స్టేడియం నడక దూరమే. చూడ్డానికి ఆ రకం ఆటలే తగ్గిపోయాయి.

పెద్ద క్రికెట్‌లో ఆ దగ్గరితనం ఎప్పుడో పోయింది. 2023 ప్రపంచకప్పుకు ముందు మన ఉప్పల్లో పాకిస్తాన్, న్యూజిలాండ్ జట్లు ప్రాక్టీసు మ్యాచ్ ఆడాయి. సెప్టెంబర్ 29. ముందురోజే గణేశ్ నిమజ్జనం, ఆ రోజుల్లోనే మిలాద్ ఉన్ నబీ. బందోబస్తు ఇవ్వలేమన్నారు పోలీసులు. ఆట ఖాళీ స్టేడియంలో జరిగింది. నాగోలు దాటితే ఉప్పల్, మా ఇంటి పెరట్లో ఆట, కానీ టీవీలోనే చూడాలి. పోలీసుల్ని తప్పుపట్టను, ఆ రెండు పండగల నడుమ వాళ్ల అవస్థ వాళ్లది. కానీ చూసేవాడి మనసు ఊరుకుంటుందా?

అరిజోనాలో ఆ దిగులు లేదు. మైదానాలు చిన్నవి. అన్నిటికన్నా పెద్దది మీసాలోని స్లోన్ పార్క్, అది కూడా 15,000 మందికి సరిపోయేంత. అక్కడ చికాగో కబ్స్ ఆడతారు. ఔట్‌ఫీల్డ్ వెనకాల సీట్లు ఉండాల్సిన చోట పచ్చటి గడ్డి వాలు ఉంటుంది. అన్నిటికన్నా చవక టికెట్టు దానిదే. సీటు నంబరు ఉండదు, దుప్పటి పరచుకుని కూర్చోవడమే. చాండ్లర్‌లో మా అబ్బాయి దగ్గరికి పోయినప్పుడు, మా ఆవిడ ఇంట్లో నుంచి పాత బెడ్‌షీట్ తెచ్చింది. కోడలు "అత్తయ్యా, ఇది బాగుండదేమో" అంది. అక్కడికి పోయి చూస్తే చుట్టూ అందరివీ అంతకన్నా పాతవే.

ముఖ్యంగా చూడాల్సింది ఆట మొదలుకాకముందే ఉంటుంది. బంతి విసిరేవాణ్ని పిచ్చర్ అంటారు. అతను మైదానం పక్కన చిన్న ఆవరణలో, కంచెకు ఆనుకుని, చేయి వేడెక్కించుకుంటాడు. కంచె పట్టుకుని నిలబడితే మనకూ అతనికీ మధ్య రెండు మూడు బారలు. టీవీలో 150 కిలోమీటర్ల వేగం అంటే ఒక అంకె మాత్రమే. అక్కడ, బంతి చేయి వదలడం కంటికి అందదు. బంతి అందుకునే క్యాచర్ తోలు గ్లౌజులో పడిన 'ఠప్' అన్న చప్పుడు మాత్రం ఛాతీలో వినపడుతుంది. మా మనవడు మొదటిసారి ఆ చప్పుడుకు నా చొక్కా పట్టుకున్నాడు. ఆ పిచ్చర్ వాడివైపు చూసి కన్నుగీటాడు. సీజన్ మొదలయ్యాక యాభై వేలమంది మధ్యలో ఈ భాగ్యం దొరకదు.

క్రికెట్ తెలిసినవాళ్లకు ఆట అర్థం కావడానికి ఒక పూట చాలు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు ముగ్గురు అవుటు. బంతి నేల మీద పడకుండా నేరుగా వస్తుంది. సరిగా వచ్చిన బంతిని వదిలేసినా, కొట్టబోయి తప్పినా అది ఒక స్ట్రైకు. మూడు స్ట్రైకులకు బ్యాటర్ అవుట్, దాన్నే స్ట్రైకవుట్ అంటారు. వికెట్లు లేవు కాబట్టి ఏ బంతి సరిగా వచ్చింది, ఏది రాలేదు అని అంపైర్ చెబుతాడు. తగువులన్నీ అక్కడే. 2025 స్ప్రింగ్ ట్రైనింగ్‌లో దానికో మందు పరీక్షించారు. అంపైర్ నిర్ణయం నచ్చకపోతే బ్యాటరో పిచ్చరో క్యాచరో వెంటనే తన తల మీద టోపీనో హెల్మెట్‌నో తట్టాలి. తెర మీద బొమ్మ వస్తుంది, తేలిపోతుంది. మన డీఆర్ఎస్సే! వెనకున్నది కూడా మనకు తెలిసిన హాక్ ఐ కెమెరాలే. జట్టుకు రెండు అవకాశాలు, గెలిస్తే పోవు. బయట కూర్చున్న కోచ్ సైగ చేయకూడదు. మన కెప్టెన్లు పదిహేను సెకన్లు వికెట్ కీపర్‌తో మంతనాలాడతారు చూడండి, వీళ్లకు ఆ వెసులుబాటు కూడా లేదు. ఆ పద్ధతిని 2026 నుంచి అసలు సీజన్‌కూ ఖాయం చేశారు. కొత్త రూలు ఏదైనా ముందు ఎడారిలో పండితేనే ఊళ్లోకి వస్తుంది.

కాలం సంగతి చెప్పాలి. 2023లో పిచ్చర్‌కు గడియారం పెట్టారు, ఇన్ని సెకన్లలో విసరాలి అని. దాంతో ఆట రెండున్నర, రెండు ముప్పావు గంటల్లో అయిపోతోంది. పెద్దవాళ్ల నడుముకు అది తట్టుకోగలిగినంతే. ప్రాక్టీసు ఆటలో స్కోరు సమమైతే సమంగానే వదిలేసి ఇంటికి పోతారు. నాకైతే అది బాగా నచ్చింది. మా అబ్బాయికి నచ్చలేదు, "ఇదేం ఆట నాన్నా, ఎవరు గెలిచారో తెలియకపోతే" అంటాడు. వాడు ఐపీఎల్ కాలం పిల్లవాడు.

ఇంకో తమాషా. పెద్ద ఆటగాళ్లు నాలుగైదు ఇన్నింగ్స్ ఆడి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోతారు. అప్పుడు చొక్కా మీద ఎనభై ఏడు, తొంభై నాలుగు లాంటి నంబర్లున్న కుర్రాళ్లు దిగుతారు. పేరు కూడా కొందరికి వీపు మీద ఉండదు. చాలామంది జనం ఆ సమయానికి లేచిపోతారు. మీరు లేవకండి. ఆ కుర్రాళ్లు ప్రాణం పెట్టి ఆడతారు. వాళ్లకు ఇది ప్రాక్టీసు కాదు, ఉద్యోగానికి ఇంటర్వ్యూ. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో జీఆర్ఈ పుస్తకం ముందు రాత్రి రెండింటిదాకా కూర్చునే పిల్లల్ని చూసినవాళ్లం మనం, ఆ ముఖం మనకు కొత్త కాదు.

మన రక్తం ఉన్నవాడు ఎవరైనా ఉన్నాడా అంటారు కదూ. ఉన్నాడు. కుమార్ రాకర్. ఆరడుగుల ఐదంగుళాల పిచ్చర్. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు, కోచ్. తల్లి లలిత, భారతదేశం నుంచి వలస వెళ్లిన దంపతుల కూతురు. లలిత కొడుకు కుమార్! రేడియో ముందు కూర్చున్న ఎంతమంది ఇళ్లలో ఈ రెండు పేర్లూ ఉన్నాయో. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఒకే మ్యాచ్‌లో 19 మందిని స్ట్రైకవుట్ చేసి, ప్రత్యర్థికి ఒక్క హిట్టూ ఇవ్వలేదు. జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2021లో ఒక జట్టు పదో ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్షలు చూసి వెనక్కి తగ్గింది. కుర్రాడు ఏడాది వేచి, 2022లో టెక్సస్ రేంజర్స్‌కు మూడో ఎంపికయ్యాడు. మోచేతికి శస్త్రచికిత్స అయింది. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మొదటి పెద్ద మ్యాచ్, నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకవుట్ చేశాడు. 2025లో మళ్లీ పెద్ద జట్టుకూ చిన్న లీగుకూ మధ్య తిరిగాడు. టెక్సస్ రేంజర్స్ శిబిరం ఈ ఎడారిలోనే, ఫీనిక్స్‌కు వాయవ్యంగా సర్‌ప్రైజ్ అనే ఊళ్లో. ఆటగాళ్లు జట్లు మారుతుంటారు కాబట్టి బయలుదేరే ముందు అతను ఎక్కడున్నాడో చూసుకోండి. ఇంకో సంగతి, ఆట మొదలెట్టే పిచ్చర్లకు నాలుగైదు రోజులకు ఒకసారి వంతు వస్తుంది. ఎవరి వంతో ఒకటి రెండు రోజుల ముందు గానీ తెలియదు. నేను సర్‌ప్రైజ్‌కు పోయిన రోజు అతని వంతు కాదు. చాండ్లర్ నుంచి గంట ప్రయాణం చేసి, ఎవరో పొట్టి ఎడమచేతివాటం కుర్రాణ్ని చూసి వచ్చాను. వాడూ బాగానే వేశాడు.

ఇక ప్రయాణం సన్నాహం. అన్నిటికన్నా ముందు వీసా. సందర్శకుల వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి నెలలు పట్టవచ్చు కాబట్టి, మార్చి ప్రయాణానికి అంతకుముందు ఏడాది మార్చిలోనే పని మొదలుపెట్టండి. ఎల్‌బీనగర్ నుంచి మెట్రోలో అమీర్‌పేటలో మారి రాయదుర్గం, అక్కణ్నుంచి నానక్‌రాంగూడ కాన్సులేట్‌కు ఆటో. 2023 దాకా ఈ కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. మన గోల్డ్ కప్పు నవాబు వంశంవాళ్ల భవనమే. ఇంటర్వ్యూలో ఎందుకు పోతున్నారంటే నిజం చెప్పండి, పిల్లల్ని చూడ్డానికి అని. బేస్‌బాల్ సంగతి అడిగితే చెప్పొచ్చు. నవ్వుతారేమో గానీ తప్పు పట్టరు.

హైదరాబాదు నుంచి ఫీనిక్స్‌కు నేరుగా విమానం లేదు. లండన్ మీదుగా ఒక్క మార్పుతో చేరొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రెండు మార్పుల చవక టికెట్టు జోలికి పోకండి, ఆ మిగిలిన డబ్బు నొప్పి మాత్రలకే సరి. ఆరోగ్య బీమా ఇక్కడే తీసుకోండి. ఇంటర్మీడియట్ పరీక్షలు మార్చిలోనే ఉంటాయి కాబట్టి, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలున్న తల్లికి ఈ సలహా పనికిరాదు. ఆమెకు ఇంకో రెండేళ్లు ఆగమనే చెబుతాను.

మ్యాచ్ టికెట్లు శని ఆదివారాలకు త్వరగా అయిపోతాయి. సెలవులకు చికాగో నుంచి, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి జనం దిగుతారు. కబ్స్, జెయింట్స్, డాడ్జర్స్ ఆటలకు రద్దీ ఎక్కువ. మంగళ, బుధవారాలు పెట్టుకోండి. కొడుకు ఆఫీసులో సగం రోజు సెలవు అడగాలి, అంతే. ఏ మైదానం అన్నది ఇంటికి దూరాన్ని బట్టి. చాండ్లర్ వాళ్లకు టెంపీ డయాబ్లో, మీసాలోని రెండు మైదానాలు దగ్గర. సర్‌ప్రైజ్, గుడ్‌ఇయర్ దూరం. స్కాట్స్‌డేల్ పక్కన సాల్ట్ రివర్ ఫీల్డ్స్ అని ఒకటి, 2011లో తెరిచారు. అక్కడి ఆదివాసీ తెగల సొంత నేల మీద కట్టిన మైదానం అది. వెనకాల కొండలు, చెట్లకు బదులు మనిషికి నాలుగింతల ఎత్తున చేతులెత్తి నిలబడ్డ సవారో జెముళ్లు. ఒక్కటే చూసే వీలుంటే అదే చూడండి.

ఆటలు ఎక్కువగా మధ్యాహ్నం ఒంటిగంట దాటి ఐదు పది నిమిషాలకు మొదలవుతాయి. ఇక్కడ మనకు అప్పుడు రాత్రి ఒంటిగంటన్నర దాటుతుంది, కాబట్టి మైదానంలో నుంచి వియ్యంకుడికి వీడియో కాల్ చేయకండి. సీటు టికెట్టు కొనేట్టయితే బ్యాటర్ వెనక వైపునో మూడో బేస్ వైపునో అడగండి, చాలా మైదానాల్లో నీడ ముందు అటే పడుతుంది. ఎండ తక్కువే అనిపిస్తుంది గానీ పొడిగాలి, చెమట తెలియకుండా ఒళ్లు ఎండిపోతుంది. నీళ్లు తాగుతూ ఉండండి. శాకాహారులకు పొట్టుతో వేయించిన పల్లీలు దొరుకుతాయి. తొక్కలు కాళ్ల కిందే పారేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మా ఆవిడ మాత్రం అలా పారేయలేక తొక్కలన్నీ కొంగులో పోసుకుని కూర్చుంది.

బంతి జనంలో పడితే మన దగ్గర వెనక్కి విసరాలి. అక్కడ పట్టుకున్నవాళ్లదే. పిల్లలు అందుకే గ్లౌజు తొడుక్కుని వస్తారు. మీ మీదికి వస్తే పట్టుకోవాలని చూడకండి, అది క్రికెట్ బంతి అంత గట్టిది. పక్కకు తప్పుకోండి, పక్కనున్న పిల్లవాడు పట్టుకుంటాడు.

మార్చి నెలాఖరుకు జట్లన్నీ ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతాయి. ఏప్రిల్ దాటితే ఎండ ముదురుతుంది. తిరుగు టికెట్టు ఏప్రిల్ రెండోవారం దాటనివ్వకండి. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారానికి వెళ్లిపోయి ఇప్పటికి కొన్నేళ్లయింది గానీ, ఎల్‌బీనగర్ చౌరస్తా నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే ఎంతసేపు? అక్కడికి మామిడిపండ్లు రావడం మొదలయ్యేది ఆ ఏప్రిల్‌లోనే.